నాలుగు వారాల ఇంటర్న్‌షిప్‌లో నేనేం పనికొస్తాను?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను హనుమకొండలో ఐదేళ్ల లా కోర్సు మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది మహబూబాబాద్ జిల్లాలో ఒక ఊరు. మే మొదటి వారం నుంచి నాలుగు వారాలు ఒక స్వచ్ఛంద సంస్థలో ఇంటర్న్‌షిప్‌కి చేరుతున్నాను. కౌలు రైతుల హక్కుల మీద, ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలకు రావాల్సిన పరిహారం మీద వాళ్లు పనిచేస్తారు. స్టైపెండ్ లేదు. "హైకోర్టులో తెలిసిన వకీలు సాబ్ దగ్గర పెట్టిస్తానంటే వినవు, ఊళ్లు తిరిగితే నీకేం వస్తది" అని నాన్న కోపంగా ఉన్నారు. నా టెన్షన్ వేరు. భర్త పోయిన మనిషి ఎదురుగా కూర్చుని నేనేం అడగాలి? ఇరవై ఏళ్ల దాన్ని, నా మాట ఎవరు వింటారు? ఇంగ్లీషు డ్రాఫ్టింగ్ కూడా అంతంత మాత్రమే. పోయినేడు అక్కడ చేసిన సీనియర్, రోజంతా జిరాక్సులు, ఎక్సెల్ షీట్లేనని చెప్పింది. నెల రోజుల్లో నేను ఎవరికైనా నిజంగా పనికొస్తానా?

— ఒక పాఠకురాలు

జవాబు:

అమ్మా,

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. తప్పకుండా పనికొస్తావు. ఆ కుటుంబాల తరఫున గట్టిగా మాట్లాడేవాళ్లు ఏదో ఒక రోజు ఎవరో ఒకరు దొరుకుతారు. వాళ్లు ఇప్పటికే పదిమందికి చెప్పుకున్న గోడును ఏ ఆఫీసూ తోసిపుచ్చలేని కాగితంగా మార్చే ఓపిక ఉన్నవాళ్లే తక్కువ. ఇలాంటి సంస్థల్లో చాలా ఏళ్లు పనిచేశాక నాకు కలిగిన నమ్మకం ఇది. నువ్వు నేర్చుకోవలసింది, చేసి పెట్టగలిగింది ఆ కాగితం పనే. దాన్ని వాళ్ల చేతుల్లోంచి లాక్కోకుండా చేయడం ఇంకా ముఖ్యం.

చేరేలోపు ఆ పరిహారం మీద వచ్చిన రెండు జీవోలు (ప్రభుత్వ ఉత్తర్వులు) సంపాదించి చదువు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో వచ్చిన జీవో 421 ఒకటి, తెలంగాణ ప్రభుత్వం 2015లో ఇచ్చిన జీవో 194 ఇంకొకటి. మొదటిదానిలో కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పులు తీర్చడానికి 50 వేలు. రెండోది వచ్చాక అవి 5 లక్షలు, లక్ష అయ్యాయి. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు (ఏడీఏ) ఉండే త్రిసభ్య కమిటీ విచారణ జరిపి, సాగు కష్టాల వల్లే ప్రాణం పోయిందని తేలిస్తే ఫైలు కలెక్టర్‌కు వెళ్తుంది. ఆ తర్వాత 2018 ఆగస్టులో రైతుబీమా వచ్చింది. పట్టాదారు పాస్‌పుస్తకం ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా 5 లక్షలు. మంచి పథకమే. కానీ గుంట భూమి కూడా సొంతం లేకుండా పూర్తిగా కౌలు మీద బతికిన మనిషి పోతే ఆ ఇంటికి బీమా లేదు. వాళ్లకు మిగిలిన దారి 194 ఒక్కటే. నువ్వు గడప తొక్కబోయే ఇళ్లలో ఇలాంటివి తప్పకుండా ఉంటాయి.

చిక్కంతా అక్కడే. మన దగ్గర కౌలు నోటిమాట మీద నడుస్తుంది. ఒకప్పుడు పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, అనుభవదారు కాలమ్ ఉండేది, సాగు ఎవరు చేస్తున్నారో అందులో రాసేవారు. భూ రికార్డులు ధరణి పోర్టల్‌లోకి వెళ్లేనాటికి అది పోయింది. భూ అధీకృత సాగుదారుల చట్టమని 2011లో ఒకటి వచ్చింది. దాని కింద కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలి. ఎన్ని ఇళ్లలో ఆ కార్డు కనిపిస్తుందో నువ్వే చూడు. ఇప్పుడు ఆలోచించు: ఒక మనిషి మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశాడని, ఆయన పోయాక భార్య ఎలా రుజువు చేయాలి?

ఎరువుల షాపు బిల్లుతో. ఉద్దెర రాసిన చీటీతో. ఎనుమాముల మార్కెట్లో పంట అమ్మినప్పుడు ఇచ్చిన తక్‌పట్టీతో. ప్రామిసరీ నోటు నకలుతో, మహిళా సంఘం అప్పు పుస్తకంతో, పక్క చెలక రైతు రాసిచ్చిన వాంగ్మూలంతో. పత్తి అయితే అమ్మిన చీటీ చాలాసార్లు భూమి గల ఆసామి పేరు మీద ఉంటుంది, ఎందుకంటే పాస్‌పుస్తకం ఆయనది. అప్పుడు డబ్బు ఎవరి ఖాతాలో పడింది, అక్కడి నుంచి ఈ ఇంటికి ఎలా వచ్చింది అని అడిగి రాసుకోవాలి. ఈ కాగితాలు ఏ ఇంట్లోనూ ఒక్కచోట ఉండవు. కొన్ని బీరువాలో, కొన్ని దేవుడి పటం వెనక, కొన్ని పిల్లల సర్టిఫికెట్లతో కలిసి ప్లాస్టిక్ కవర్లో. కొన్నింటి మీద అంకెలు చెరిగిపోయి ఉంటాయి. ఆ కవర్ చాప మీద కుమ్మరించి, ఏది ఏ కాగితమో ఆమెకు చదివి వినిపించి, తేదీల వరసన పేర్చి, ఫోన్లో స్కాన్ చేసుకుని, అసలువి మళ్లీ ఆమె చేతికే ఇచ్చేయాలి. ఒరిజినల్ ఒక్కటి కూడా నీ బ్యాగులో ఆఫీసుకు రాకూడదు. "మా దగ్గర భద్రంగా ఉంటది" అని చెప్పి తీసుకునే అలవాటు మంచి సంస్థల్లో కూడా చూశాను. నువ్వు మాత్రం ఆ పని చేయకు.

జిరాక్సులు, షీట్లు అని నీ సీనియర్ నీరసపడింది. నేను అలా అనుకోను. ఉపాధి హామీ పథకం 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన సంగతి నీకు తెలిసే ఉంటుంది. అదే ఏడాది ఆ జిల్లాలోనే సామాజిక తనిఖీ కూడా ఊపందుకుంది. ఊళ్లలోని చదువుకున్న కుర్రాళ్లు, అమ్మాయిలు మస్టర్ రోల్స్ (కూలీల హాజరు పట్టీలు) కాపీలు తెచ్చి, ఇంటింటికీ తిరిగి సరిచూసి, గ్రామసభలో పేరు పేరునా పైకి చదివారు. పని చేయని వాళ్ల పేరు మీద కూలీ పడిందని తెలిసింది ఆ చదవడంతోనే. చేసిన పని చూస్తే చాలా చిన్నది: కాపీ తేవడం, సరిచూడటం, చదవడం.

నీ ఎక్సెల్ షీట్ కూడా అంతే. చనిపోయిన తేదీ, ఎఫ్ఐఆర్ తేదీ, దరఖాస్తు ఇచ్చిన తేదీ, కమిటీ వచ్చిన తేదీ, ఉత్తర్వు తేదీ అని కాలమ్‌లు ఉంటాయి. ఒక్కో ఇంటి గురించి అధికారిని అడిగితే "ఆ ఒక్క కేసులో ఏదో లేటైంది" అంటాడు. ఒకే మండలంలో ఇరవై ఇళ్లకు కమిటీ అసలు రాలేదని షీట్ చూపిస్తే ఆ మాట అనలేడు. కోర్టులో పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) వేయాలన్నా, పేపర్ వాళ్లకు చెప్పాలన్నా, అసెంబ్లీలో ఎవరైనా ప్రశ్న అడగాలన్నా ఆధారం ఆ షీటే. అందుకని ఒక్క గడి కూడా ఊహించి నింపకు. తెలియకపోతే ఖాళీగా వదిలేసి, పక్కన "అడగాలి" అని రాసిపెట్టు. ఏ కాగితం చూసి ఆ తేదీ రాశావో ఇంకో కాలమ్‌లో వేసుకో. ఇది నీ అంతట నువ్వే చేస్తే, వచ్చే ఏడాది ఆ షీట్ తెరిచే మనిషి నీకు దండం పెడుతుంది.

ఇక ఎదురుగా కూర్చుని ఏం అడగాలి అన్నావు. వెళ్లే ముందు రాత్రే ఆ ఇంటి ఫైలు మొత్తం చదువు. ఆయన ఎలా పోయాడన్నది ఎఫ్ఐఆర్‌లో, పంచనామాలో ఉంటుంది. అది ఆమె నోటితో మళ్లీ చెప్పించకు. పోలీసులకు చెప్పింది, రెవెన్యూ వాళ్లకు చెప్పింది, టీవీ వాళ్లకు చెప్పింది. నీ మొదటి ప్రశ్న ఇలా ఉండనీ: "అక్కా, ఇప్పటిదాకా మీ ఇంటికి ఎవరెవరు వచ్చారు? ఏమేం రాసుకుపోయారు?" ఈ ప్రశ్నతో ఆమెకు ఏడుపు రాదు, కోపం రావచ్చు. వస్తే రానీ, విను. ఎవరొచ్చారో, ఎవరు సంతకం పెట్టించుకున్నారో, ఎవరు ఐదు వేలు అడిగారో అన్నీ అందులోనే బయటికొస్తాయి. వయసు సంగతి వదిలేయ్. వాళ్ల ఊరి యాసే నీది కూడా, ఆ వరంగల్ మిర్చి కష్టం నీకు తెలిసిందే. హైదరాబాద్ నుంచి కారులో దిగే పెద్దలకు దొరకని మాట నీకు దొరుకుతుంది.

నువ్వు కూర్చోగానే చుట్టూ జనం చేరతారు. అందులో అప్పిచ్చినాయన కూడా ఉండొచ్చు. కౌలుకిచ్చిన ఆసామి ఉండొచ్చు. అందరి ముందు "అప్పెంత?" అని అడిగితే ఆమె నిజం చెప్పలేదు. పరిహారం ఎవరి ఖాతాలో పడాలన్న దగ్గర అత్తా కోడళ్లకు పడకపోవడమూ మామూలే. అలాంటప్పుడు మగ సహోద్యోగులను బయట మాటల్లో ఉంచి, నువ్వు లోపల ఆమెతో విడిగా కూర్చోవచ్చు. ఇరవై ఏళ్ల ఆడపిల్లవు కావడం అక్కడ నీకు కలిసొస్తుంది. పిల్లలు పక్కన ఉంటే తండ్రి ప్రస్తావన తేకు, ఏ క్లాసు చదువుతున్నారో అడుగు. ఫీజు బాకీ, హాస్టల్ సీటు లాంటివి చాలాసార్లు పరిహారం కంటే త్వరగా తేలే పనులు. వితంతు పింఛను వస్తోందా లేదా కూడా అడుగు.

"డబ్బులు వస్తాయా బిడ్డా?" అని అడుగుతుంది. వస్తాయని అనకు. రావని కూడా అనకు. "దరఖాస్తు పెడదాం, ఫలానా రోజు ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చిందో చెప్తాం" అను. ఆ రోజు ఫోన్ చేయించు. చెప్పడానికి ఏమీ లేకపోయినా చేయించు.

మాటల మధ్యలో ఆమె "నాకూ బతకాలని లేదు" అనొచ్చు. దాన్ని ఊరికే అన్న మాటగా తీసేయకు, ధైర్యం చెప్పి లేచి రాకు. అక్కడే ఉండి, ఆమెను ఒంటరిగా వదలకుండా మీ సీనియర్‌కు వెంటనే చెప్పు. ఇంట్లో నమ్మకమైన మనిషిని పక్కన ఉండమను. 14416 టెలిమానస్ నంబరు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నీ ఫోన్లో అది ముందే సేవ్ చేసి ఉంచుకో. నీకు భారంగా అనిపించినా అదే నంబరుకు చేయొచ్చు.

ఇంగ్లీషు డ్రాఫ్టింగ్ గురించి దిగులు వద్దు. ఈ నాలుగు వారాల్లో నువ్వు రాసే అర్జీల్లో ఎక్కువ తెలుగువే. వేలిముద్ర వేసే మనిషికి తను ఏం అడుగుతోందో వినగానే అర్థం కావాలి, తహసీల్దారుకు ఒక్క చదువులో పని ఏమిటో తెలియాలి. కొత్తగా వచ్చిన వాళ్లు ఎక్కువమంది ఇలా రాస్తారు: "అయ్యా, మేము అత్యంత దుర్భర పరిస్థితుల్లో కొట్టుమిట్టాడుతున్నాము, కావున తమరు దయతలచి ఆదుకోవలసిందిగా ప్రార్థన." ఇందులో అధికారి చేయాల్సిన పని ఒక్కటీ లేదు. దాన్ని ఇలా మార్చి చూడు: "నా భర్త ఫలానా తేదీన ఆత్మహత్య చేసుకున్నారు. ఫలానా పోలీసు స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ నంబరు ఇది. ఆయన ఫలానా సర్వే నంబరులో మూడెకరాలు కౌలు చేశారు, ఆధారాలు జతచేశాను. జీవో 194 ప్రకారం త్రిసభ్య కమిటీ విచారణ ఇంతవరకు జరగలేదు. విచారణ జరిపించి, తేదీ నాకు రాతపూర్వకంగా తెలియజేయండి." ప్రార్థన ఎక్కడా లేదు, మర్యాద తగ్గలేదు. రాశాక ఆమెకు మొత్తం చదివి వినిపించు. ఆమె "ఇది గాదు బిడ్డా, నాలుగెకరాలు" అంటే దిద్ది మళ్లీ చదువు. ఆ తర్వాతే సంతకం.

రెండు కాపీలు తీసుకెళ్లి, రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ఆఫీసు ముద్ర వేయించుకునే దాకా కౌంటర్ వదిలి రాకు. "పెట్టిపోండి, చూస్తాం" అంటారు. నవ్వుతూనే నిలబడు. సోమవారం కలెక్టరేట్లో ప్రజావాణి ఉంటుంది, అక్కడిచ్చినా రసీదు తీసుకో. వీలైతే అర్జీ ఆమె చేతే ఇప్పించు, నువ్వు పక్కన ఉండు. నువ్వు జూన్‌లో కాలేజీకి వెళ్లిపోతావు. ఆ ఆఫీసు మెట్లు మళ్లీ ఎక్కాల్సింది ఆమె.

సమాచార హక్కు దరఖాస్తులు కూడా నీ చేతికి వస్తాయి. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఇంకో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. "ఎందుకు ఆలస్యం చేశారు?" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే చట్టం ఇచ్చేది రికార్డును. "ఫలానా ఫైలు నోట్‌షీట్ల కాపీలు, కమిటీ నివేదిక కాపీ ఇవ్వండి" అని అడుగు. నోట్‌షీట్లంటే ఫైలు మీద అధికారులు రాసుకున్న మాటలు, ఆలస్యం ఎందుకో వాటిలోనే తెలుస్తుంది. అది ఎవరి పేరు మీద వేయాలన్నది మాత్రం నువ్వు ఒక్కదానివే నిర్ణయించకు. ఆమె పేరు మీద వేస్తే ఊళ్లో ఒత్తిడి ఆమె మీదికి వస్తుంది. ముందు ఆమెను అడగాలి, సంస్థలో పెద్దవాళ్లను అడగాలి.

నాన్నగారి విషయం. ఆయన కోపంలో అర్థం ఉంది, కూతురు వకీలుగా నిలబడాలన్న ఆశ అది. ఆయనకు బార్ కౌన్సిల్ నియమం చూపించు. ఐదేళ్ల కోర్సు వాళ్లు మొత్తం మీద కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఒక ఏడాదిలో ఏకబిగిన నాలుగు వారాలు మించకూడదు. ఎక్కడ చేయొచ్చో చెప్పే జాబితాలో స్వచ్ఛంద సంస్థలూ ఉన్నాయి. ట్రయల్, అప్పీలు కోర్టుల వకీళ్ల దగ్గర కనీసం ఒకసారి చేసి తీరాలి కూడా. కాబట్టి వచ్చే ఏడాది ఆయన చెప్పిన వకీలు గారి దగ్గరికి వెళ్తానని ఇప్పుడే మాటివ్వు, ఆ మాట నిలబెట్టుకో. హైకోర్టులో రిట్ పిటిషన్ చదివేటప్పుడు దాని వెనక ఉన్న తక్‌పట్టీని చూసిన జూనియర్‌కు, చూడని జూనియర్‌కు తేడా ఆ వకీలు గారే గుర్తుపడతారు. కాలేజీ నుంచి అనుమతి లెటర్, సంస్థ నుంచి చేరిన తేదీ రాసిన లెటర్ మొదటి రోజే తీసుకో. రోజూ చేసిన పని డైరీలో రెండు వాక్యాలైనా రాయి. చివర్లో సర్టిఫికెట్ కోసం తిరిగే బాధ తప్పుతుంది.

డబ్బు గురించి మొహమాటపడకుండా మొదటి రోజే అడుగు. స్టైపెండ్ లేకపోయినా ఊళ్లకు వెళ్లే ఆటో ఖర్చు, జిరాక్సుల ఖర్చు సంస్థే పెట్టుకోవాలి. బస్సు వరకు నీకు మహాలక్ష్మి ఉచిత ప్రయాణం ఉంది, ఆధార్ వెంట ఉంచుకో. మేలో మన వైపు ఎండ సంగతి నీకు చెప్పక్కర్లేదు. పొద్దున తొమ్మిదిలోపో, సాయంత్రం ఐదు తర్వాతో వెళ్తేనే మనుషులూ దొరుకుతారు. సాయంత్రం వెళ్తే తిరుగు ప్రయాణం ఎవరితో, ఏ బండి మీద అన్నది బయల్దేరే ముందే తేల్చుకో. ఒంటరిగా పంపితే "వెళ్లను" అని చెప్పే హక్కు నీకుంది. ఇంకో సంగతి. పని చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం జీతం లేని ట్రైనీకి, వాలంటీర్‌కు కూడా వర్తిస్తుంది. పదిమంది, ఆపైన పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. హక్కుల గురించి మాట్లాడే చోట అలాంటివి జరగవని ఎవరూ హామీ ఇవ్వలేరు. కమిటీలో ఎవరున్నారని చేరిన రోజే మామూలుగా అడుగు. సూటిగా చెప్పే సంస్థ అయితే మంచి సంస్థే.

ఏదో ఒక ఇంట్లో నీ పర్సులోంచి ఐదొందలు తీసి ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వకు. కష్టమైన మాటే, కానీ ఆలోచించే చెప్తున్నాను. పక్కింటికి తెలుస్తుంది, రేపటి నుంచి నువ్వు కాగితాలు అడిగినప్పుడల్లా డబ్బుతో ముడిపడుతుంది. ఇంట్లో బియ్యం లేవని తెలిస్తే ఆఫీసులో చెప్పు, రేషన్ కార్డు ఉందో లేదో చూడు. ఆ ఊరి మహిళా సంఘానికి చెప్తే ఆ పూట గడిచే దారి వాళ్లు చూస్తారు. ఇక ఫొటోలు. ఆమెతో సెల్ఫీ, పిల్లల ముఖాలు, "ఈరోజు ఫీల్డ్‌లో" అని స్టేటస్, ఏవీ వద్దు. రిపోర్టు కోసం సంస్థ ఫొటో అడిగినా, అది ఎక్కడ వాడతారో ఆమెకు తెలుగులో వివరంగా చెప్పి, సరేనంటేనే తీయి. మొహమాటానికి తలూపిందని అనిపిస్తే ఫోన్ లోపల పెట్టెయ్. ఆమె చేతిలో ఉన్న కాగితాల ఫొటో చాలు.

చివరి వారంలో కొత్త ఇళ్లు ఒప్పుకోకు. అప్పటిదాకా చూసిన ప్రతి ఇంటికీ ఒక పేజీ రాసిపెట్టు: ఏ కాగితాలున్నాయి, ఏవి లేవు, అర్జీ ఎక్కడ ఏ తేదీన ఇచ్చాం, ఇన్‌వర్డ్ నంబరెంత, తర్వాత ఎవరు ఎప్పుడు ఫోన్ చేయాలి. ఆ పేజీ ఎవరికి ఇస్తున్నావో వాళ్ల పేరు, ఆఫీసు నంబరు ఆ ఇంటివాళ్లకు కూడా చెప్పు. వీలుంటే వాళ్లిద్దరినీ ఫోన్లో ఒకసారి కలుపు. అయినా జూలైలో నువ్వు క్లాసులో ఉండగా నీకే ఫోన్ వస్తుంది, "బిడ్డా, ఆర్డీవో ఆఫీసు నుంచి ఏదో కాగితం వచ్చింది" అని. ఎత్తు. ఆ కాగితం ఫొటో పంపమని, చదివి అర్థం చెప్పు. జవాబు ఇవ్వాల్సిన గడువు ఎంతో చూసి, అదే రోజు సంస్థకు పంపించు.